రెండడుగుల దూరం

బంతికీ హోల్‌కీ మధ్య రెండడుగులు కూడా లేదు. చిన్న మాస్టారు అలవాటు చొప్పున వంగి బంతిని చేతిలోకి తీసుకుంది.

"నేను ఇవ్వలేదండీ," అన్నాడు కొత్తాయన.

ఆమె వంగినది వంగినట్టే తలెత్తి చూసింది. మనిషి వేళాకోళం ఆడుతున్నట్టు లేడు. టోపీ కింది కళ్ళు ఆమె బంతి ఎత్తిన చోటునే చూస్తున్నాయి.

"ఏమన్నారు?"

"ఆ పట్ మీకు నేను ఇవ్వలేదు అన్నాను. ఇవ్వని బంతి ఎత్తితే ఒక షాట్ కలుపుకోవాలి. మళ్ళీ అక్కడే పెట్టి కొట్టండి."

గోల్ఫ్‌లో ఇద్దరు ముఖాముఖి ఆడేటప్పుడు ఒక మర్యాద ఉంది. ఎదుటి మనిషి బంతి హోల్‌కి మరీ దగ్గరగా ఆగి, ఇక పట్, అంటే దాన్ని లోపలికి దొర్లించే చిన్న దెబ్బ, ఒక్కటే మిగిలితే, "అది పడినట్టే లెండి, తీసుకోండి" అనేయవచ్చు. దాన్ని గిమ్మీ అంటారు. ఇవ్వడం ఇవ్వకపోవడం ఎదుటివాళ్ళ ఇష్టం. ఆ క్లబ్బులో మాత్రం, అందులోనూ చిన్న మాస్టారు విషయంలో, ఆ మాట నోటితో అనే పని కూడా లేకుండా పోయింది. ఆమె బంతి దగ్గరికొస్తే చాలు, అందరూ తర్వాతి హోల్ వైపు నడక మొదలుపెట్టేవాళ్ళు.

"రెండడుగులండీ ఇది," అంది ఆమె.

"చూస్తున్నానండీ."

"పైగా ఇవాళ సరదా ఆట."

"సరదా ఆటైతే హోల్ వెడల్పవుతుందా?"

ఆమె బంతిని మళ్ళీ పెట్టింది. చుట్టూ నిలబడ్డ నలుగురూ చూస్తున్నారు. విసురుగా కొట్టింది. బంతి హోల్ కుడి అంచును ఒరుసుకుని, ఒక చుట్టు తిరిగి, బయటే ఆగింది.

నలుగురూ ఒక్కసారిగా తమ బూట్ల లేసులు చూసుకున్నారు.

ఆ సాయంత్రానికి కొత్తాయనకు ఆమె ఒక పేరు పెట్టింది. పిసినారి.

*

చిన్న మాస్టారు అన్న పేరు ఆమెకు పెట్టింది క్లబ్బులో ఆట నేర్చుకునే పిల్లలు. అసలు మాస్టారు వాళ్ళ నాన్న. ఆ క్లబ్బులో పట్‌లు కొట్టే పట్టర్ కర్ర పట్టుకోవడం వచ్చిన ప్రతి మనిషికీ ఎలా పట్టుకోవాలో చూపించింది ఆయనే. కిందటి ఏడు ఆయనకు పక్షవాతం వచ్చి కుడి చెయ్యీ, మాటలో సగమూ పోయాయి. అప్పటి నుంచి ఆయన పాఠాలు ఆమే చెబుతోంది. కానీ ఉద్యోగం ఇంకా ఎవరి పేరునా రాయలేదు. సీజన్ చివర్లో ఇద్దరు అభ్యర్థులు ఒక మ్యాచ్ ఆడాలి, గెలిచినవాళ్ళే మాస్టారు అని కమిటీ తేల్చింది. ఒక అభ్యర్థి ఆమె. రెండో అభ్యర్థి పిసినారి.

"ఎవడే వాడు?" అంది అత్త, నాన్న చొక్కా మడతపెడుతూ. నాన్నకు అక్క అయిన ఆవిడ, ఆయన మంచాన పడ్డప్పటి నుంచి ఆ ఇంటిని నడుపుతోంది.

"నాన్న ఉద్యోగానికి వచ్చినవాడు. రెండడుగుల పట్ కూడా ఇవ్వలేదు నాకు."

"ఇవ్వకపోతే కొట్టాల్సింది."

"కొట్టాను. పడలేదు."

"మరి వాణ్ణి తిడతావేం? ఆడలేక మద్దెల ఓడన్నట్టుంది నీ వరస."

పక్కగదిలో నాన్న దగ్గాడు. ఆ దగ్గు నవ్వో కాదో ఆమెకు తెలియలేదు.

ఆమె వసారాలోని తివాచీ మీద బల్ల కాలును హోల్ అనుకుని బంతులు కొట్టింది. ఒక్కటీ తప్పలేదు. ఒంటరిగా ఉన్నంతసేపూ ఆమె చేతులు ఆమె మాటే వింటాయి. ఎవరైనా చూస్తే మాత్రం ఆ చేతులు పరాయివాళ్ళవైపోతాయి. ఎదుట మనిషి ఉండగా రెండడుగుల పట్‌ను చివరిదాకా కొట్టి ఎన్నాళ్ళైందో గుర్తుచేసుకోబోయింది. గుర్తు రాలేదు. ఆమెకు భయం వేసింది. కమిటీ ముందు ఆడే మ్యాచ్‌లో ఎవరు ఇస్తారు? అది ఓడితే నాన్న నిలబడిన చోట ఇంకెవరో నిలబడతారు.

*

మర్నాడు పొద్దున్నే, హోల్ చుట్టూ గడ్డి పొట్టిగా కత్తిరించిన ప్రాక్టీస్ గ్రీన్ దగ్గరికి వెళ్ళేసరికి పిసినారి అప్పటికే అక్కడున్నాడు. పొడుగు పట్‌లు కొడుతున్నాడు. ప్రతి బంతీ హోల్‌ని దాటి పల్లానికి జారిపోతోంది.

"మీకు ఇక్కడి వాలు తెలియడం లేదు," అంది ఆమె. "వచ్చిన దగ్గర్నుంచీ చూస్తున్నాను, ఒక్కటీ ఆగలేదు."

"వచ్చిన దగ్గర్నుంచీ చూస్తున్నారా నన్ను?"

"బంతిని."

"ఓహో. బంతి అదృష్టం."

ఆమెకు నవ్వొచ్చింది, ఆపుకుంది. అడగదలుచుకున్నది ఒక్క గుక్కలో అడిగేసింది. "నేను మీకు ఈ గ్రీన్ల వాలు నేర్పుతాను. మీరు నేను చిన్న పట్‌లు కొడుతుంటే నిలబడి చూడాలి. ఒక్కటి కూడా ఇవ్వకూడదు."

అతను పట్టర్ నేలకానించాడు.

"మీరు నా ప్రత్యర్థి. మీకు సాయం చేస్తే నాకే నష్టం."

"తెలుసు. నాకూ అంతే."

"సరే. రెండడుగుల దగ్గర తడబడే మనిషిని ఓడించి తెచ్చుకున్న ఉద్యోగం నాకు ఒంటబట్టదు. రేపటి నుంచి రండి."

"ఇవాళ్టి నుంచి," అంది ఆమె.

అలా మొదలైంది. అతను హోల్‌కి రెండడుగుల దూరంలో, పట్టర్ తల పట్టేటంత సందు వదిలి, రెండు టీలు గుచ్చేవాడు. చెక్క మేకుల్లాంటి ఆ టీలను తగలకుండా పట్టర్ వెళ్ళాలి, రావాలి. మొదట్లో ఆమె ప్రతి పట్‌కీ ఏదో ఒక టీని పడగొట్టేది. అతను వంగి, మాట్లాడకుండా మళ్ళీ గుచ్చేవాడు. ఒకే బంతితో ఆడించేవాడు. పక్కన ఇంకో బంతి ఉంటే మొదటిదాని మీద శ్రద్ధ ఉండదనేవాడు. పడ్డా పడకపోయినా గ్రీన్ అంతా ఒక చుట్టు నడిచి వచ్చి, అప్పుడే ఆ చోటుకి వచ్చినట్టు మళ్ళీ నిలబడమనేవాడు.

వారం తిరిగేసరికి అసలు సంగతి పట్టుకున్నాడు.

"మీరు బంతిని చూడటం లేదండీ. కొట్టీ కొట్టకముందే తలెత్తి నా మొహం చూస్తున్నారు."

"లేదే."

"చూస్తున్నారు. నేను ఏదో అంటానని. ఇంక చాలు తీసుకోమంటానని."

ఆమె వంగి, ఒరిగిన టీని తనే మళ్ళీ గుచ్చింది. నిజం అంత తేలిగ్గా నోట్లోంచి రాదు.

"ఇక మీదట తలెత్తకండి," అన్నాడతను. "పడిందో లేదో చెవితో తెలుసుకోండి. చప్పుడు వినిపిస్తే పడ్డట్టు. వినపడకపోతే పడనట్టు. రెండూ భరించదగ్గవే."

ఆమె నేల చూస్తూ నేర్చుకుంది. బంతి వెళ్ళిపోయాక కూడా అది ఉన్న చోటి గడ్డినే చూస్తూ, చప్పుడు కోసం ఆగడం. ఆ కాస్త నిశ్శబ్దం మొదట్లో ఊపిరాడనిచ్చేది కాదు. పోనుపోను అలవాటైంది. బదులుగా ఆమె అతన్ని బూట్లు విప్పి గ్రీన్ మీద నడవమంది. వాలు కంటికంటే ముందు అరికాలికి తెలుస్తుందని నాన్న చెప్పిన మాట. అతను తడిగడ్డి మీద కాళ్ళు ఎత్తెత్తి వేస్తుంటే ఆమె ఆ రోజు మాత్రం నవ్వు ఆపుకోలేదు.

ఒక సాయంత్రం వాన పట్టుకుంది. పనిముట్ల షెడ్డు చూరు కింద ఇద్దరూ నిలబడ్డారు. చూరు వెడల్పు తక్కువ, వాన జల్లు ఎక్కువ. అతని భుజం తడుస్తోంది. ఆమె కాస్త జరిగి చోటిచ్చింది. అతను రాలేదు.

"పిసినారి కాబట్టి ఇచ్చినా తీసుకోరనుకుంటా," అంది.

"పిసినారా?"

"మీ పేరు. క్లబ్బంతా అలాగే పిలుస్తోంది, వెనకాల."

అతను నవ్వాడు. తర్వాత వాన వైపు తిరిగాడు. "మా అన్నయ్య నాకు ఎప్పుడూ ఇవ్వలేదు," అన్నాడు. "చిన్నప్పుడు మిస్సయితే గ్రీన్ మీదే కూర్చుని ఏడ్చేవాణ్ణి. వచ్చి పక్కన కూర్చునేవాడు. ఎంతసేపైనా కూర్చునేవాడు. పట్ మాత్రం ఇచ్చేవాడు కాదు."

"ఇప్పుడెక్కడుంటారు?"

"ఇప్పుడు లేడు."

ఆమె అతని తడిసిన భుజం పట్టుకుని చూరు కిందికి లాగింది. వాన తగ్గిన తర్వాత కూడా ఇద్దరూ కాసేపు అక్కడే ఉన్నారు. అతనంటే తనకు ఇష్టమని ఆమెకు ఆ పూట తెలిసింది. దాచుకోవడం మాత్రం రాలేదు. ఇంటికెళ్తే అత్త ఎగాదిగా చూసి, "వానలో తడిసినవాళ్ళు వణకాలి గానీ నవ్వుతారటే?" అంది.

*

మ్యాచ్ రోజు పొద్దున్నే కమిటీ అంతా వచ్చింది. పిల్లలు వచ్చారు. నాన్న రాలేదు. వస్తే నువ్వు నన్నే చూస్తూ ఉంటావని అత్త చేత చెప్పించాడు.

తక్కువ షాట్లలో ముగించినవాళ్ళదే ఆ హోల్. ఒక హోల్ ఆమెది, ఒక హోల్ అతనిది. తూకంలో పెట్టినట్టు సాగి, చివరి గ్రీన్ మీదికి సమానంగా వచ్చారు. అతను ఐదు షాట్లలో ముగించాడు. ఆమె బంతి మూడు షాట్లలో హోల్‌కి రెండడుగుల దూరంలో ఆగింది. ఆ ఒక్క పట్ పడితే ఉద్యోగం ఆమెది.

ఆమె బంతి వెనక నిలబడింది. చేతులు కొద్దిగా వణుకుతున్నాయి. ఆ మాత్రం వణుకు ఉంటుందని ఆమెకు తెలుసు. గడ్డి మీద చూపు నిలిపింది.

"తీసుకోండి," అన్నాడతను.

ఆమెకు అర్థం కాలేదు. అతను టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు. మొహం పాలిపోయి ఉంది. "ఇచ్చాను. మ్యాచ్ మీదే."

చప్పట్లు మొదలయ్యాయి. పిల్లలు గ్రీన్ మీదికి పరుగెత్తుకొస్తున్నారు. ఆమె కదల్లేదు.

"నేను కొడతాను," అంది.

క్లబ్బు సెక్రటరీ గారు దగ్గరికొచ్చి మెల్లిగా చెప్పారు. "అక్కర్లేదమ్మా. ఇచ్చాక ఇచ్చినట్టే. వద్దనడానికి నీకు వీల్లేదు, వెనక్కి తీసుకోవడానికి అతనికీ వీల్లేదు. రూల్ అది."

"అయినా కొడతాను."

కోపంతో కొట్టింది. బంతి హోల్ ఎడమ పక్కనుంచి వెళ్ళిపోయింది. చప్పట్లు మధ్యలోనే ఆగిపోయాయి. గెలిచిన మనిషికి ఎలా అభినందన చెప్పాలో అక్కడ ఎవరికీ తోచలేదు.

అతను ఆమె వెనకే పార్కింగ్ దాకా వచ్చాడు.

"ఎందుకిచ్చారు?"

"మీ చేతులు వణికాయి."

"వణకనివ్వండి. అయితే?"

"మీరు మిస్సయితే చూడలేననిపించింది. నాకు మీరంటే..."

"ఆ మాట ఇప్పుడు చెప్పకండి," అంది ఆమె. "నేనెవరో మీకు తెలియని రోజున నన్ను మనిషిగా చూశారు. తెలిశాక చంటిపిల్లని చేశారు. ఊరంతా చేసిన పనే మీరూ చేశారు."



*

ఇంట్లో నాన్న కిటికీ పక్క కుర్చీలో ఉన్నాడు. ఆమె ఆయన మోకాళ్ళ దగ్గర నేల మీద కూర్చుని జరిగిందంతా చెప్పింది. గెలిచానని చెప్పింది, మిస్సయ్యానని కూడా చెప్పింది. నాన్న చాలాసేపు మాట కూడదీసుకున్నాడు.

"నేను... నేర్పాను," అన్నాడు.

"ఏం నేర్పావు నాన్నా?"

"మిస్సవడం." ఆయన ఎడమ చెయ్యి ఆమె తల మీదికి వచ్చింది. "చిన్నప్పుడు... నీ మొహం... ముడుచుకునేది. చూడలేక... తీసుకో తల్లీ అనేవాణ్ణి. ప్రతిసారీ. ఊళ్ళో అందరికీ... ఆట నేర్పాను. నీకే... నేర్పలేదు."

ఆమెకు చిన్నప్పటి సాయంత్రాలు కళ్ళ ముందుకొచ్చాయి. బంతి ఆగీ ఆగకముందే వినిపించే నాన్న గొంతు. తలెత్తి ఆయన మొహం చూడటం. ఆ గొంతు కోసమే తను ఇన్నాళ్ళూ తలెత్తుతోంది. ఆమెకు కోపం రావలసింది, రాలేదు. ఏడుపొచ్చింది. ఆయనకూ వచ్చింది.

"అతనూ నీలాగే చేశాడు," అంది కాసేపటికి.

"అయితే..." నాన్న పెదవి ఒక పక్కకే నవ్వింది. "పిల్లవాడు... ప్రేమలో మునిగాడు."

"బాగానే చెప్పావు," అంది అత్త గుమ్మంలోంచి. "తీరిగ్గా ఏడవచ్చు గానీ, అతను మధ్యాహ్నం బస్సుకి వెళ్ళిపోతున్నాడట. క్లబ్బు నుంచి ఫోనొచ్చింది."

*

అతను అద్దెకున్న గది లాండ్రీ మీది అంతస్తులో. ఆమె మెట్లెక్కేసరికి సంచీ సర్దుతున్నాడు. కిందినుంచి ఇస్త్రీ ఆవిరి వాసన గదంతా నిండి ఉంది.

"చివరి హోల్ మళ్ళీ ఆడాలి," అంది ఆమె గుమ్మంలోనే నిలబడి.

"రూల్ ఒప్పుకోదండీ."

"రూల్ మ్యాచ్‌కి. ఉద్యోగం కమిటీది. సెక్రటరీ గారిని అడిగాను. ఇద్దరూ కోరితే అభ్యంతరం లేదన్నారు. ఇద్దరికీ మతి పోయిందని కూడా అన్నారు."

అతను సంచీ జిప్పు సగంలో ఆపాడు. "నేను గెలవడానికే ఆడతాను."

"అందుకే వచ్చాను."

"మీరు ఓడిపోవచ్చు."

"రెండూ భరించదగ్గవే అన్నారు కదా. అన్నది మీరే."

అతను ఆమె వంక చూశాడు. ఏదో చెప్పబోయాడు. ఆమె చెయ్యెత్తి ఆపింది. "అది ఆట అయ్యాక. ఇప్పుడు చెబితే ఆటలో కలిసిపోతుంది."

ఆ సాయంత్రం చివరి హోల్ దగ్గర సెక్రటరీ గారూ, ఇద్దరు కమిటీ మనుషులూ తప్ప ఎవరూ లేరు. ఈసారి ఇద్దరి బంతులూ మూడు షాట్లలో గ్రీన్ మీద హోల్‌కి దగ్గరగా వచ్చాయి. ఆమెది కాస్త ఎక్కువ దూరం. ముందు ఆమే కొట్టాలి. అతను చేతులు వెనక కట్టుకుని నిలబడ్డాడు. ఒక్క మాట అనలేదు. ఆమె గడ్డిని చూస్తూ కొట్టింది, గడ్డినే చూస్తూ ఆగింది. చప్పుడు వినిపించింది.

ఇప్పుడు అతని వంతు. రెండడుగులు. అది తప్పితే ఉద్యోగం ఆమెది, పడితే మళ్ళీ సమానం. అతను బంతి వెనక నిలబడ్డాడు. చొక్కా చేతుల కింద అతని మణికట్లు బిగుసుకోవడం ఆమెకు కనిపించింది. పొద్దున అతను ఎక్కడ నిలబడ్డాడో ఆమె ఇప్పుడు అక్కడ నిలబడింది. "తీసుకోండి" అన్న మాట నాలుక చివరికొచ్చింది. ఇష్టమైన మనిషి మిస్సవడం చూడటం ఇంత కష్టమని ఆమెకు ఇప్పటిదాకా తెలియదు. నాన్న ఎందుకలా అనేవాడో అర్థమైంది, అతని మీద మిగిలిన కోపం అక్కడే కరిగిపోయింది. పెదవి కొరుక్కుని ఆ మాటను మింగేసింది.

అతను కొట్టాడు. బంతి సూటిగా వెళ్ళి మధ్యలో పడింది.

ఉద్యోగం చేతికందబోయి తప్పిపోయిన మనిషికి అంత సంతోషం రాకూడదు. ఆమెకు వచ్చింది. అతను నిజంగా ఆడుతున్నాడు, తనతో.

సెక్రటరీ గారు నిట్టూర్చి, "పదండి, ఇంకో హోల్," అన్నారు.

ఆ హోల్‌లో అతను తప్పేమీ చేయలేదు. నాలుగు షాట్లలో చక్కగా ముగించాడు. ఆమె రెండు షాట్లకే గ్రీన్ చేరింది. బంతికీ హోల్‌కీ మధ్య పట్టర్ పొడుగంత దూరం, పైగా పల్లానికి. ఇది పడితే మూడు. ఎవరూ ఏమీ అనలేదు. వాలు అరికాళ్ళకు తెలుస్తోంది. కొట్టాక చాలాసేపు ఏమీ వినిపించలేదు. పడలేదేమో అనుకుంది. అనుకుని కూడా తల ఎత్తలేదు.

అప్పుడు బంతి హోల్‌లో పడ్డ చప్పుడు వినిపించింది.

అతను వచ్చి చెయ్యి కలిపాడు. ఇద్దరి అరచేతులూ ఒకేలా కాయలు కాచి ఉన్నాయి.

"ఓడిపోయాను," అన్నాడు. "నన్ను పక్కఊరి క్లబ్బులో అడిగారు. అక్కడ చేరతాను. ఇప్పుడు చెప్పొచ్చా?"

"చెప్పండి."

"మీరంటే నాకు చాలా ఇష్టం. మీరు మిస్సయ్యే రోజున కూడా పక్కనుండాలని ఉంది. ఆ రోజుల్లో నోరు మూసుకోవడం ఇంకా నేర్చుకోవాలి."

"ఎన్నాళ్ళు పడుతుంది?"

"మీరు నేర్పితే త్వరగానే వస్తుంది."

"నేర్పుతాను," అంది ఆమె. "మీరు అని మాత్రం అనకు."

సెక్రటరీ గారు జెండా కర్రను మళ్ళీ హోల్‌లో గుచ్చడానికి చాలా శ్రద్ధగా, చాలాసేపు వంగారు.

*

మర్నాడు పొద్దున నాన్న క్లబ్బుకి వస్తానన్నాడు. జబ్బు చేశాక ఎప్పుడూ అడగలేదు. చక్రాల కుర్చీ అతను తోశాడు. అత్త పక్కనే నడుస్తూ, "నెమ్మది బాబూ, అది బండి కాదు, మా తమ్ముడు," అంది. ప్రాక్టీస్ గ్రీన్ అంచున కుర్చీ ఆపారు. నాన్న ఎడమ చేత్తో అతని చెయ్యి పట్టుకుని, పక్కన గడ్డి మీద కూర్చోమన్నట్టు కిందికి లాగాడు. అతను కూర్చున్నాడు.

ఆమె హోల్‌కి రెండడుగుల దూరంలో బంతి పెట్టింది. నాన్న చూస్తుండగా ఆడటం చాలా కాలం తర్వాత ఇదే. తల దించుకుని కొట్టింది. చప్పుడు కోసం ఆగింది. రాలేదు.

తలెత్తింది. బంతి హోల్ దాటి పక్కన ఆగి ఉంది. నాన్న గొంతులో ఏదో కదిలింది, పెదవులు విచ్చుకున్నాయి. ఆయన ఎడమ చెయ్యి అతని భుజం మీద బిగిసింది. ఒక్క మాట బయటికి రాలేదు. కళ్ళు తిప్పుకోకుండా కూతురి మొహమే చూస్తున్నాడు.

ఆమె నడిచి వెళ్ళి బంతి తెచ్చుకుని, మళ్ళీ అక్కడే పెట్టింది.